కుర్చీలు ఒక్కటే, కొలువులు వేరు

నెల్లూరునుండి గూడూరునకు పోవు జాతీయ రహదారిపై మనుబోలు ఉన్నది. విజయవాడ–గూడూరు రైలుమార్గమును ఈ యూరి మీదుగనే పోవును. మండల కేంద్రమగుటచే చుట్టుపట్ల పల్లెలవారు ఏ పని పడినను ఇచ్చటికి రావలసినదే.

సోమవారమునాడు ఉదయము బస్సు దిగిన ఒక రైతును ఊహించుకొనుడు. పొలము హద్దుల అర్జీ చేత బట్టుకొని అతడు తహశీల్దారు కార్యాలయమునకు పోవును. ఇంటి బిల్లు విషయమై మండల పరిషత్తు కార్యాలయపు మెట్లెక్కును. పోస్టాఫీసులో కుమార్తె పేర నెలనెల కట్టు సొమ్ము కట్టును. బ్యాంకులో పంటఋణము సంగతి విచారించును. పొద్దువాలునప్పటికి తన గ్రామ సచివాలయమునకు తిరిగివచ్చి ఒక ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టును. ఒక్కనాటిలో అయిదు కార్యాలయములు, పదిమంది ఉద్యోగులు. బల్లలు, కుర్చీలు, కంప్యూటర్లు అన్నిచోట్లను ఒకే తీరుగ కనిపించును. కనుకనే మనము వారందరిని "ఆఫీసువారు" అని ఒక్క మాటతో పిలుచుచున్నాము.

కాని ఆ కుర్చీలలో కూర్చున్నవారి కొలువులు ఒక్క తీరువి కావు. ఒకరు పోటీ పరీక్ష వ్రాసి వచ్చిన పూర్తికాలపు ఉద్యోగి. ఒకరు ఏడాది ఒప్పందముపై పనిచేయువారు. వేరొకరికి జీతమిచ్చునది ప్రభుత్వము కాదు, నడుమనున్న ఒక ఏజెన్సీ. ఇంకొకరికి జీతమే లేదు. చేసిన పనికి కమిషను మాత్రమే. ఈ భేదము తెలియకుండుటచే పల్లెలలో మూడు విధములైన నష్టము కలుగుచున్నది. చేయవలసినవారిని అడుగక, చేయలేనివారిపై కోపగించుచున్నాము. చిన్న జీతగాని హక్కును తెలియకయే కాలరాచుచున్నాము. "నేడు చేరినచో రేపు పర్మనెంటు" అని చెప్పిన దళారిని నమ్మి మన బిడ్డలు పొలము తాకట్టుపెట్టుచున్నారు. పంచాయతీ సభ్యుడు ఈ మూడింటిని వారింపగలవాడు. అందుకై ఈ కొలువుల తీరుతెన్నులను విశదముగ తెలిసికొనుట అవసరము.

అరుగుమీది కచేరి

వెనుకటి తరమువారికి గ్రామ కార్యాలయమనగా కరణముగారి యింటి అరుగు. అడంగలు, చిట్టా మొదలగు లెక్కలు ఆయన యింటి పెట్టెలోనే ఉండెడివి. మునసబు శిస్తు వసూలు చేయించెడివాడు. తలారి, వెట్టి కబుర్లు మోసెడివారు. నీరుగంటి చెరువు తూమును చూచుకొనెడివాడు. ఈ పదవులు పెక్కు తావుల తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచుండెను. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము దానికి ఆధారమై యుండెను.

ఈ పద్ధతికి మొదటి పెద్ద దెబ్బ మన తెలుగు పల్లెనుండియే తగిలెను. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోని పెరవలిని రెండు గ్రామములుగ విభజించి పెరవలిపాలెమును వేరుచేసిరి. ఆ కొత్త గ్రామమునకు మునసబు కావలసివచ్చెను. మొదట ఎంపికయిన అభ్యర్థిని త్రోసిపుచ్చి, పాత మునసబు కుమారుడను కారణముతో వేరొకరిని నియమించిరి. పదవి కోల్పోయిన అభ్యర్థి సుప్రీంకోర్టునకు పోయెను. ప్రభుత్వోద్యోగములలో వంశమునుబట్టి భేదము చూపరాదని రాజ్యాంగములోని 16వ అధికరణము చెప్పుచున్నదనియు, దానికి విరుద్ధమైన నిబంధన చెల్లదనియు ఆ న్యాయస్థానము 1960 డిసెంబరులో తీర్పు చెప్పెను.

తరువాత 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు ద్వారా గ్రామములలోని పార్ట్‌టైము ఉద్యోగ పదవులనన్నిటిని రద్దుచేసెను. 1985లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ఆ యేడే తాలూకాలు పోయి మండలములు వచ్చెను. గ్రామములలో పూర్తికాలపు ఉద్యోగులు అడుగుపెట్టిరి. 2002లో పంచాయతీ కార్యదర్శుల వ్యవస్థ వచ్చెను. 2007లో గ్రామ రెవెన్యూ అధికారి పదవి మరల ఏర్పడెను. పొరుగున తెలంగాణములో ఆ పదవిని 2020లో రద్దుచేసిరి.

ఈ చరిత్రనుండి నేర్వవలసిన పాఠ మొక్కటి కలదు. కొలువు ఎవరి సొత్తును కాదు. అది చట్టమునుండి పుట్టును. చట్టము మారినచో మారును. కనుక ఏ ఉద్యోగినిగూర్చి యైనను "ఇతడెవరి మనిషి?" అని అడుగుట తప్పు. "ఇతని కొలువు ఎచ్చటినుండి పుట్టినది?" అని అడుగుటయే ఒప్పు.

నాలుగు ప్రశ్నలు

ఏ కొలువు స్వరూపమైనను నాలుగు ప్రశ్నలతో తేలిపోవును. నియమించిన దెవరు? జీతమిచ్చున దెవరు? పని చెప్పి, పని చూచున దెవరు? కొలువు ఎంతకాలము?

పూర్తికాలపు ప్రభుత్వోద్యోగి విషయములో మొదటి మూడింటికి సమాధానము ప్రభుత్వమే. నాలుగవదానికి సమాధానము పదవీవిరమణ వయస్సు. కాంట్రాక్టు ఉద్యోగికి కూడ నియమించునది, జీతమిచ్చునది, పని చూచునది ప్రభుత్వ శాఖయే. కాని కాలము మాత్రము ఒప్పందపు కాగితములో వ్రాసినంతే. ఔట్‌సోర్సింగు ఉద్యోగికి పని చెప్పునది కార్యాలయము. నియామకపు కాగితము, జీతము ఇచ్చునది మరియొక సంస్థ. ఇచ్చటనే చిక్కంతయు పుట్టును. జీతము రాలేదని అతడు కార్యాలయము నడిగినచో "ఏజెన్సీ నడుగు" మందురు. ఏజెన్సీ నడిగినచో "కార్యాలయమునుండి బిల్లు రాలే" దందురు. ఈ రెంటి నడుమ నెలలు గడచిపోవును.

ఈ నాలుగు ప్రశ్నలను చేతబట్టుకొని మన గ్రామములోని కొలువులను ఒక్కొక్కటిగ పరిశీలింతము.

సచివాలయపు గదిలో

2019 అక్టోబరు 2న అప్పటి తూర్పుగోదావరి జిల్లా కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమయ్యెను. సుమారు రెండువేల జనాభాకు ఒక సచివాలయమను లెక్కతో రాష్ట్రమంతట గ్రామ, వార్డు సచివాలయములు కలిసి 15,004 ఏర్పడెను. అందలి సుమారు 1,26,000 ఉద్యోగములకు ఆ సంవత్సరము సెప్టెంబరులో వ్రాతపరీక్ష జరిగెను. ఎంపికయినవారికి మొదటి రెండేండ్లు ప్రొబేషను. ఆ కాలములో నెలకు ఒకే మొత్తముగ రూ. 15,000 ఇచ్చిరి. 2022లో ప్రొబేషను ఖాయముచేసి వేతనశ్రేణి ఇచ్చిరి. 2025లో ప్రభుత్వము జనాభానుబట్టి సచివాలయములను మూడు తరగతులుగ విభజించి సిబ్బంది కూర్పును సవరించెను.

ప్రొబేషను అనగా పనిని, నడవడిని పరీక్షించు కాలము. అది తాత్కాలికోద్యోగము కాదు. పోటీ పరీక్షద్వారా మంజూరైన పదవిలో చేరినవాడు తృప్తికరముగ ఆ కాలము గడపినచో స్థిరపడును. ఈ మాటను గుర్తుంచుకొనవలెను. ఔట్‌సోర్సింగు విషయము చెప్పునప్పుడు దీనితో పని కలదు.

సచివాలయములోని వారందరును ఒక్క పైకప్పు క్రింద కూర్చున్నను ఒక్క శాఖవారు కారు. పంచాయతీ కార్యదర్శి పంచాయతీరాజ్ శాఖవాడు; పంచాయతీ తీర్మానములు, పన్నులు, పారిశుద్ధ్యము, రికార్డులు అతని పని. డిజిటల్ అసిస్టెంటు కూడ పంచాయతీ కార్యదర్శియే, ఆరవ శ్రేణివాడు. దరఖాస్తు ఎక్కించుట అతని వంతు గాని, దానిని మంజూరుచేయుట అతని చేతిలో లేదు. గ్రామ రెవెన్యూ అధికారి తహశీల్దారునకు జవాబుదారి. సర్వేయరు భూమికొలతల శాఖకు చెందినవాడు. వ్యవసాయ సహాయకుడు మండల వ్యవసాయాధికారి క్రింద పనిచేయును. ఏ.ఎన్.ఎం. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యాధికారి క్రింద పనిచేయును. విద్యుత్తు చూచు ఎనర్జీ అసిస్టెంటునకు పని చెప్పునది మన జిల్లాలో దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ.

ఈ చివరి కొలువు విషయమున ఒక హెచ్చరిక తప్పనిసరి. గాలివాన వెలిసిన సాయంకాలము ఊరంతయు చీకటి. రొయ్యల చెరువులకు మోటార్లు ఆగినవి. నలుగురును సభ్యుని యింటిముందు చేరిరి. సభ్యుడు విద్యుత్ సహాయకుని పిలిపించి "స్తంభమెక్కి తీగె కలుపు, నేనున్నాను" అనెను. ఆ కుఱ్ఱవాడు చిన్న ఉద్యోగి, కాదనలేడు. కాని సబ్‌స్టేషనునుండి లైన్ క్లియర్ రానిదే స్తంభమెక్కుట మృత్యువు చేయి పట్టుకొనుటయే. అతనికి పని చెప్పు అధికారము సభ్యునకు లేదు. ఆ అధికారము కలవానికి ఫోను చేయుట సభ్యుని పని. "పని చెప్పున దెవరు?" అను మూడవ ప్రశ్న కేవలము కాగితపు ప్రశ్న కాదు. అది ఒక్కొక్కప్పుడు ఒక తల్లికి బిడ్డ దక్కుట, దక్కకుండుటకు సంబంధించినది.

గౌరవ వేతనమను మాట

అంగన్‌వాడీ కేంద్రములు 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో వచ్చినవి. అందలి కార్యకర్తకు, ఆయాకు ఇచ్చుదానిని జీతమనక గౌరవ వేతన మందురు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమముతో ఆశా కార్యకర్తలు వచ్చిరి. వారి పద్ధతి ఇంకను వేరు. కాన్పునకు తోడుపోయినందుకు, టీకాలు వేయించినందుకు పనివారీ ప్రోత్సాహకము ఆ పథకములో మొదటినుండియు కలదు.

"గౌరవ" మను మాటను చూచి వారిది ఖాళీవేళలో చేయు సేవ యనుకొనరాదు. ప్రొద్దుననే పిల్లలను చేరదీసి, వండిపెట్టి, తూచి, రిజిస్టర్లు వ్రాసి, సెల్‌ఫోనులో ఎక్కించువారు పనిచేయుట లేదని ఎవరనగలరు? 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలును ఆయాలును 1972 నాటి గ్రాట్యుటీ చట్టము క్రింద గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పెను. అనగా పేరు ఏదైనను పనినిబట్టియే హక్కును చూడవలెనని న్యాయస్థాన మెంచెనన్నమాట. కనుక సభ్యుడు అంగన్‌వాడీ కార్యకర్తను సభలకు కుర్చీలు వేయించుటకో, అతిథులకు పూలదండలు తెప్పించుటకో పిలువరాదు. ఆ పూట కేంద్రములోని పసిపిల్లల అన్నము ఆగిపోవును.

గౌరవ వేతనపు కొలువులలో కాలమెంత యను ప్రశ్నకు గ్రామ వలంటీర్ల చరిత్ర ఒక పాఠము. 2019 ఆగస్టు 15న ఏబది యిండ్లకు ఒకరు చొప్పున, నెలకు రూ. 5,000 గౌరవ వేతనముపై వారిని తీసికొనిరి. రాష్ట్రమంతట సుమారు రెండున్నర లక్షలమంది యువతీయువకులు ఈ పనిలో చేరిరి. 2023 ఆగస్టు తరువాత వారి కాలమును పొడిగించు ఉత్తర్వు లేదని ప్రభుత్వము 2024లో చట్టసభలో తెలిపెను. ఉత్తర్వులో కాలము వ్రాసియున్న కొలువు ఆ కాలముతో ముగియవచ్చును. చేరునప్పుడే ఈ సంగతి తెలిసినచో యువకుడు ఆ కాలములో మరియొక పరీక్షకు చదువుకొనును, లేదా ఒక పనితనము నేర్చుకొనును.

తపాలా పెట్టె, బ్యాంకు బల్ల

పల్లెలోని బ్రాంచి పోస్టాఫీసును చూడుడు. అందలి పోస్టుమాస్టరు తపాలా శాఖ పూర్తికాలపు ఉద్యోగి కాడు. గ్రామీణ డాక్ సేవకుడు. అతని పనివేళ దినమునకు నాలుగైదు గంటలు. అందుచే అతడు తక్కిన వేళలో సేద్యమో, అంగడియో చూచుకొనుట సహజము. ఇట్లని అతనికి రక్షణ లేదనుకొనరాదు. ఇట్టి సేవకులు కూడ ప్రభుత్వము క్రింద పౌరపదవి వహించినవారే కనుక, విచారణ లేక తొలగింపరాదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పెను.

ఈ కొలువుకు పరీక్ష లేదు. మౌఖిక పరీక్షయు లేదు. పదవ తరగతి మార్కులనుబట్టి కంప్యూటరు జాబితా తయారగును. కనుక "పోస్టాఫీసులో వేయించెదను, ఇంత ఖర్చగును" అని ఎవడైనను మీ యూరికి వచ్చినచో అతడు దళారియని నిస్సంశయముగ తెలిసికొనవలెను. మార్కులను మార్చుట అతని తరము కాదు.

బ్యాంకుల పద్ధతి మరియొకటి. 2006లో ఏర్పడి నెల్లూరు జిల్లాలో సేవచేసిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు, 2025 మే 1న రాష్ట్రములోని తక్కిన గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యెను. బ్యాంకు లోపల కూర్చున్న గుమస్తా, అధికారి పోటీ పరీక్షలద్వారా వచ్చినవారు. కాని వేలిముద్ర యంత్రముతో ఊరిలో కూర్చుండి సొమ్మిచ్చు "బ్యాంకు మిత్ర" బ్యాంకు ఉద్యోగి కాడు; లావాదేవీకి ఇంత యని కమిషను తీసికొనువాడు. మీసేవా కేంద్రము నడుపువాడును అట్టివాడే. వీరి జీవనము వచ్చిపోవు జనముపై ఆధారపడును. కమిషను పద్ధతిలో ఇంకొక సంగతి ఉన్నది: వారి వాటా వారికి ముందే నిర్ణయమై యుండును. అందుకు మించి ముసలివారి పింఛనులో పదిరూపాయలు తగ్గించి ఇచ్చినచో అది కమిషను కాదు, అపహారము. ఆ రెంటికిగల భేదమును వృద్ధులకు తెలుపుట సభ్యుని పని.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు: ఆశకు, హక్కునకు నడుమ

ఇక అన్నిటికంటె ఎక్కువ కన్నీరు పెట్టించు విషయమునకు వత్తము. మనుబోలుకు కొలదిదూరములోనున్న ముత్తుకూరు మండలములో కృష్ణపట్నము రేవు 2008లో పని ప్రారంభించెను. దాని చుట్టుప్రక్కల విద్యుత్కేంద్రములు, నూనె మిల్లులు వచ్చెను. మన పల్లెల యువకులు గేటు దగ్గర లెక్కవ్రాయు గుమస్తాలుగ, కంప్యూటరు ఆపరేటర్లుగ, గిడ్డంగి సూపర్‌వైజర్లుగ, కాపలాదారులుగ పోవుచున్నారు. ఇట్టి పరిశ్రమలలో పెక్కు పనులు గుత్తేదార్ల ద్వారా జరుగును. ప్రభుత్వ కార్యాలయములలోను ఇట్టి ఉద్యోగులు కలరు. వారి జీతములను దళారులు లేకుండ చెల్లించుటకై రాష్ట్ర ప్రభుత్వము 2020లో ఒక ప్రత్యేక కార్పొరేషను నేర్పరచెను.

ఒక తండ్రి సంగతి ఊహింపుడు. అతనికి రెండెకరములు మాగాణి. కుమారుడు డిగ్రీ చదివెను. ఒకడు వచ్చి, "ఫలానా ఆఫీసులో ఔట్‌సోర్సింగు పోస్టు; రెండేండ్లలో రెగ్యులరు చేయుదురు" అని నమ్మబలికెను. తండ్రి ఎకరము తాకట్టుపెట్టెను. కుమారుడు కుర్చీలో కూర్చుండెను. కాంట్రాక్టు మారెను; కొత్త ఏజెన్సీవారు తమ మనుషులను తెచ్చుకొనిరి. కుర్చీ పోయెను, ఎకరమును పోయెను. ఈ కథలో ఒక్క నాడైనను ఆ కుమారుని పేర ప్రభుత్వపు నియామకపత్రము లేదు. ఆ సంగతిని చేరకమునుపే అడిగినవారు లేరు.

ఈ విషయములో చట్టము చెప్పునది స్పష్టము. 2006 ఏప్రిల్ 10న కర్ణాటక ప్రభుత్వము, ఉమాదేవి అను వ్యాజ్యములో సుప్రీంకోర్టు ధర్మాసనము, సక్రమమైన పోటీ ఎంపిక లేక తాత్కాలికముగ చేరినవారికి స్థిరపరచుమని కోరు హక్కు లేదని చెప్పెను. ఆంధ్రప్రదేశములో దినకూలి ఉద్యోగులను స్థిరపరచుటకు 1993 నవంబరు 25 అను ఒక తేదీని, ఆనాటికి అయిదేండ్ల సేవ ఉండవలెనను నియమమును పెట్టిరి. కాంట్రాక్టు ఉద్యోగులకై 2023లో చేసిన చట్టములో 2014 జూన్ 2వ తేదీని గీటుగ పెట్టిరి. గమనింపుడు: స్థిరపరచుట జరిగినప్పుడెల్ల అది శాసనసభ చేసిన చట్టము వలననో, ప్రభుత్వపు ఉత్తర్వు వలననో, గడచిపోయిన ఒక తేదీకి ముందు చేరినవారికే జరిగెను. రాబోవు కాలమునకు ఆ హామీ నియ్యగల దళారి పుట్టలేదు.

ఇట్లని కాంట్రాక్టు ఉద్యోగి హక్కులు లేనివాడు కాడు. స్థిరత్వము వేరు, హక్కు వేరు. 2016 అక్టోబరులో పంజాబు ఉద్యోగుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు, రెగ్యులరు ఉద్యోగి చేయు పనినే చేయు తాత్కాలికోద్యోగి ఆ పదవికిగల కనీస వేతనశ్రేణికి అర్హుడని చెప్పెను. 2000 సంవత్సరములో ఢిల్లీ నగరపాలక సంస్థకు చెందిన మస్టరురోలు స్త్రీల వ్యాజ్యములో, దినకూలి స్త్రీలకును ప్రసూతి సెలవు కలదని తీర్పు వచ్చెను. ఆ సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములు.

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వము నాలుగు కార్మిక స్మృతులను అమలులోనికి తెచ్చెను. అప్పటివరకున్న 29 చట్టములు వానిలో చేరెను. వీని ప్రకారము పదిమందికి తక్కువగాని సంస్థలో ప్రతి ఉద్యోగికి నియామకపత్ర మియ్యవలెను. నిర్ణీతకాలపు ఒప్పందముపై చేరినవానికి ఏడాది సేవ నిండినచో గ్రాట్యుటీ లెక్కకు వచ్చును. గుత్తేదారు జీతము చెల్లింపనిచో అసలు యజమానియే చెల్లింపవలెను. ఈ చివరి రక్షణ 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమునుండియు వచ్చుచున్నదే; తెలిసి అడుగువారు తక్కువ.

భవిష్యనిధి విషయము ఇంకను ముఖ్యము. వేతనములో నూటికి 12 వంతులు ఉద్యోగినుండి తగ్గింతురు. అంతే మొత్తమును యజమాని చేర్పవలెను. రాష్ట్ర బీమా వర్తించుచోట ఉద్యోగి వాటా నూటికి ముప్పాతిక వంతు, యజమాని వాటా మూడుంబాతిక వంతు. జీతపు చీటీలో తగ్గింపు వ్రాసినంతమాత్రమున సొమ్ము నిధిలో జమపడినట్లు కాదు. ఉద్యోగికి యు.ఏ.ఎన్. అను పన్నెండంకెల సంఖ్య ఉండును. దానితో తన ఖాతాను సెల్‌ఫోనులోనే చూచుకొనవచ్చును. మూడు నెలలకొకసారి చూచుకొను అలవాటు చేసికొన్న యువకుని ఎవరును సులభముగ మోసగింపలేరు.

పంచాయతీయే యజమాని యైనప్పుడు

ఇంతవరకు ఇతరుల కొలువులను గూర్చి చెప్పుకొంటిమి. ఇప్పుడు మన చేతి క్రిందివారిని చూడవలెను. తెల్లవారకమునుపే చెత్తబండి త్రోయు పారిశుద్ధ్య కార్మికురాలికి, నీటి ట్యాంకు మీట త్రిప్పు పంపు ఆపరేటరునకు పని చెప్పునది గ్రామపంచాయతీ. వారి కూలికి ఆధారము పెక్కుచోట్ల పంచాయతీ నిధియే. ఇంటిపన్ను వసూలు కానిచో ఆ కూలి ఆలస్యమగును. సభ్యుడు తన యింటిపన్ను రెండేండ్లు బాకీపెట్టి, కార్మికురాలిని "వీధి ఊడ్వలేదేమి?" అని గద్దించుట ధర్మమా? ఆమెకు చీపురు, చేతితొడుగులు, ముఖమునకు గుడ్డ, నెలకొకసారి ఆలస్యము లేని కూలి: ఈ నాలుగును సమకూర్చిన తరువాతనే పనిని ప్రశ్నించు అధికారము మనకు వచ్చును.

పంచాయతీ సమావేశములో ప్రతినెల మొదటి అంశముగ "కార్మికుల కూలి చెల్లింపబడినదా?" అని అడిగి, సమాధానమును మినిట్సు పుస్తకములో వ్రాయించుడు. ఖర్చులేని ఈ పని కంటె గ్రామమునకు మేలైన పారిశుద్ధ్య పథకము లేదు.

స్త్రీలు పనిచేయు చోటు

సచివాలయములలోను, ఆరోగ్య కేంద్రములలోను, అంగన్‌వాడీలలోను పనిచేయువారిలో స్త్రీలు అనేకులు. వారిలో కొందరు పరాయి ఊరినుండి ఒంటరిగ బస్సులో వచ్చిపోవువారు. ఆ కార్యాలయములో మరుగుదొడ్డి ఉన్నదా, దానికి నీరున్నదా, గడియ పడునా యని పంచాయతీ చూచినదా? నీరు త్రాగినచో ఎచ్చటికి పోవలెనోయని దినమంతయు దప్పిక నోర్చుకొను ఉద్యోగినులు కలరు.

2013లో పార్లమెంటు, పనిచేయుచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించు చట్టము చేసెను. అది పూర్తికాలపు ఉద్యోగినికే కాక, కాంట్రాక్టు, దినకూలి, స్వచ్ఛంద సేవ చేయువారికిని వర్తించును. పదిమందియు అంతకు మించియు ఉన్నచోట ఆ సంస్థలోనే విచారణ సంఘ ముండవలెను. అంతకు తక్కువ ఉన్నచోట, లేదా యజమానిపైననే ఫిర్యాదు ఉన్నప్పుడు, జిల్లాలోని స్థానిక సంఘమునకు మూడు నెలల లోపల వ్రాయవచ్చును. మన గ్రామములోని కార్యాలయములు పెక్కు ఈ రెండవ తరగతివే. ఆ సంఘపు చిరునామాను సచివాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట పంచాయతీకి తగిన పని.

ఇంటినుండియే కొలువు

2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు బెంగుళూరు, హైదరాబాదు, చెన్నపట్టణములలో పనిచేయుచున్న మన యువతీయువకులు కంప్యూటర్లను చంకబెట్టుకొని పల్లెలకు వచ్చిరి. ఇంటి నడవలో కూర్చుండి దూరదేశపు కంపెనీల లెక్కలు సరిచూచిరి. ఆ పద్ధతి కొంతవరకు నిలిచినది. కొందరు వారములో కొన్నిదినములు నగరమునకు పోయి, తక్కిన దినములు ఇంటనే పనిచేయుచున్నారు.

ఇంట కూర్చున్నవానిని చూచి "ఖాళీగ నున్నాడు" అనుకొని పొలము పనికి పిలుచువారు కలరు. అతనికిని వేళలున్నవి, పైయధికారియు ఉన్నాడు. అతని పనిచోటు మాత్రము మారినది. ఇట్టివారికి కావలసినవి మూడు: నిలకడగల విద్యుత్తు, తెగని ఇంటర్నెట్టు, సద్దులేని గది. రాష్ట్రములో ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించిరి. మన గ్రంథాలయములోనో, పంచాయతీ భవనములోనో ఒక గదిని పగటివేళ వీరికై ఉంచినచో చదువుకొన్న కోడండ్రును కొలువు చేయగలుగుదురు. ఇచ్చటను దళారులు లేకపోలేదు. "ఇంట కూర్చుండి టైపు చేయుడు, వేలు సంపాదింపుడు, ముందుగ డిపాజిటు కట్టుడు" అని సెల్‌ఫోనులో వచ్చు మాటలను నమ్మరాదు. జీతమిచ్చువాడు ఉద్యోగిని సొమ్మడుగడు.

సభ్యుని కర్తవ్యము

చెప్పినదానిని సంగ్రహించి చూతము. మీ గ్రామములోని కార్యాలయముల ఉద్యోగులను, వారి కొలువు తీరును, వారు జవాబు చెప్పవలసిన అధికారిని ఒక పట్టికగ వ్రాయించి సచివాలయములో వ్రేలాడదీయుడు. అర్జీ ఎవరికి పోవలెనో అప్పుడు ప్రతి గ్రామీణునకు తెలియును. తన చేతిలోలేని పనికి చిన్న ఉద్యోగి తిట్లు పడు అవస్థయు తప్పును.

కొత్తగ కొలువులో చేరబోవు ప్రతి యువకుని, యువతిని గ్రామసభలో నాలుగు ప్రశ్నలు అడుగుడు. నియమించున దెవరు? జీతమిచ్చున దెవరు? పని చూచున దెవరు? ఎంతకాలము? నాలుగింటికిని కాగితముపై సమాధానము చూపగలిగినచో ఆశీర్వదించి పంపుడు. చూపలేనిచో తండ్రి పొలము పాసుపుస్తకమును పెట్టెలోనుండి బయటికి తీయకుండ చూడుడు.

కరణముగారి అరుగునుండి సచివాలయపు కంప్యూటరువరకు మన గ్రామ కార్యాలయము చాలదూరము నడచివచ్చినది. పెరవలిపాలెపు వ్యాజ్యముతో కొలువు వంశపు సొత్తు కాకపోయెను. అది దళారి సొత్తు కాకుండ కాపాడుట ఈ తరపు పంచాయతీ సభ్యుల వంతు.